పాత 6టి క్లోజప్ కటకం, కొత్త జెడ్ జూమ్ లెన్స్: ఒక సమీక్ష

ఫిల్ము కెమెరాల కాలంలో నికాన్ సంస్థ 3టి, 4టి, 5టి, 6టి అనే పేర్లతో నాలుగు క్లోజప్ కటకాలను తయారు చేసి అమ్మేది. ఇవి సొంతంగా ఫొటో తీసే లెన్సులు కావు; ఉన్న లెన్స్ ముందు ఫిల్టర్ బిగించినట్టే మరతో బిగించుకునే అద్దాలు. మొదటి రెండూ 52 మిల్లీమీటర్ల మరకు, తరువాతి రెండూ 62 మిల్లీమీటర్ల మరకు చేసినవి. 3టి, 5టి కటకాల శక్తి 1.5 డయాప్టర్లు, 4టి, 6టి కటకాల శక్తి 2.9 డయాప్టర్లు. వీటి తయారీ ఆగిపోయి చాలా కాలమైనా, వాడిన కెమెరా సామగ్రి అమ్మే చోట్ల ఇప్పటికీ అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉన్నాయి. అలా సంపాదించిన ఒక 6టి కటకాన్ని ప్రధానంగానూ, ఒక 4టి కటకాన్ని పోలిక కోసమూ, 2019లో జెడ్50 కెమెరాతో పాటు విడుదలైన నికాన్ జెడ్ డీఎక్స్ 50-250 మి.మీ. జూమ్ లెన్స్ మీద చాలా నెలలుగా వాడుతున్నాను. పురుగులు, పూలు, నేత వస్త్రాలు, చిన్న నగలు తీయాలన్న కోరిక ఉండి, దానికోసం ప్రత్యేకంగా మాక్రో లెన్స్ కొనే స్తోమత లేనివారికి ఈ జోడీ ఎంతవరకు పనికివస్తుందో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

అసలు ఇంత పాత వస్తువు ఇంత కొత్త లెన్స్‌కు ఎలా కుదురుతుందన్న సందేహం చాలామందికి వస్తుంది. నికాన్ 1959 నుంచి వాడుతున్న ఎఫ్ మౌంటును వదిలి 2018లో జెడ్ మౌంటుకు మారినప్పుడు, కెమెరాకు లెన్స్ తగిలించే వైపు అంతా మారిపోయింది. పాత లెన్సులకు అడాప్టర్ కావలసి వచ్చింది, అందులోనూ అన్ని పాత లెన్సులకూ ఆటోఫోకస్ దక్కలేదు. కానీ లెన్స్ ముందు వైపు ఫిల్టర్ బిగించే మర మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఆ రోజుల్లో 80-200 మి.మీ. ఎఫ్/4 వంటి జూమ్‌కు ఏ 62 మిల్లీమీటర్ల మర ఉండేదో, నేటి 50-250 జూమ్‌కూ అదే మర ఉంది. అందువల్ల 6టి ఈ లెన్స్ మీద మర పరిమాణం మార్చే ఏ రింగూ లేకుండా నేరుగా బిగుస్తుంది. విద్యుత్ సంబంధం ఏదీ లేని ఒట్టి గాజు కనుక అపర్చర్ (వెలుతురు దూరే ద్వారం, దాని కొలతే ఎఫ్ అంకె), ఆటోఫోకస్, వీఆర్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) అన్నీ యథాప్రకారం పనిచేస్తాయి. దగ్గరి వస్తువులను పెద్దగా తీయడానికి మౌంటుకూ లెన్స్‌కూ మధ్య పెట్టే ఎక్స్‌టెన్షన్ ట్యూబుల విషయంలో ఈ సౌకర్యం లేదు. జెడ్ లెన్సుల్లో ఫోకస్, అపర్చర్ రెండూ కెమెరా ఆజ్ఞతోనే కదులుతాయి గనుక, లోపల విద్యుత్ కాంటాక్టులు లేని ట్యూబు పెడితే ఆ రెండూ చేజారిపోతాయి.

ఇక అసలు లెక్క. డయాప్టర్ అంటే మీటర్లలో చెప్పిన ఫోకల్ లెంగ్త్‌కు (దూరపు వెలుతురును కటకం చుక్కగా కేంద్రీకరించే దూరానికి) తలకిందులు, అంటే 2.9 డయాప్టర్ల కటకం ఫోకల్ లెంగ్త్ సుమారు 345 మిల్లీమీటర్లు, 1.5 డయాప్టర్లదయితే సుమారు 667 మిల్లీమీటర్లు. కెమెరా లెన్స్‌ను అనంత దూరానికి ఫోకస్ చేసి ముందు ఈ కటకం పెడితే, వస్తువు ఆ కటకానికి సరిగ్గా దాని ఫోకల్ లెంగ్త్ అంత దూరంలో ఉన్నప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. జూమ్ 50 దగ్గర ఉన్నా, 250 దగ్గర ఉన్నా ఈ దూరం మారదు. మారేది బొమ్మ పెద్దదనం, అంటే సెన్సర్ మీద పడే బొమ్మ అసలు వస్తువుకు ఎన్నో వంతు అన్నది మాత్రమే. ఆ పెద్దదనం కెమెరా లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను కటకం ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వస్తుంది. 250ని 345తో భాగిస్తే 0.72. ఈ లెన్స్ ఏ కటకమూ లేకుండా తనంతట తాను ఇవ్వగలిగిన గరిష్ఠం 0.23 మాత్రమే కాబట్టి, 6టి దాన్ని ఒక్కసారిగా మూడు రెట్లకు చేరుస్తుంది. ఫ్రేములో పట్టే వెడల్పు ప్రకారం చెప్పాలంటే, పది సెంటీమీటర్ల పైచిలుకు నుంచి మూడుంపావు సెంటీమీటర్లకు దిగుతాము. ఇదే పెద్దదనాన్ని 250 దగ్గర ట్యూబులతో సాధించాలంటే 180 మిల్లీమీటర్ల పొడవు ట్యూబులు పెట్టాలి. అది జరిగే పని కాదు. క్లోజప్ కటకాలు పొడవైన ఫోకల్ లెంగ్త్ మీద రాణిస్తాయనీ, ట్యూబులు 35, 50 వంటి చిన్న ఫోకల్ లెంగ్త్‌ల మీద రాణిస్తాయనీ అనడానికి కారణం ఈ భాగహారంలోనే ఉంది. ఇదే 6టిని 50 దగ్గర వాడితే 0.14 మాత్రమే వస్తుంది, అంటే ఏ కటకమూ లేకుండా 250 దగ్గర వచ్చేదానికంటే తక్కువ. కాబట్టి చేతిలో 18-55 వంటి కిట్ లెన్స్ మాత్రమే ఉన్నవారు ఈ కటకాల జోలికి వెళ్ళవద్దని మొదటే చెబుతున్నాను.

వెలుతురు విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. లెన్స్ అనంతం దగ్గర ఉన్నంతవరకు కటకం పెట్టినా ఎక్స్‌పోజర్ మారదు. ఎఫ్/8 అంటే ఎఫ్/8 వెలుతురే సెన్సర్‌కు చేరుతుంది. ట్యూబులతో, చాలా మాక్రో లెన్సులతో దగ్గరికి వెళ్ళే కొద్దీ వెలుతురు తగ్గుతుంది. 250 దగ్గర ఎఫ్/6.3తో మొదలయ్యే ఈ జూమ్‌కు ఇది చిన్న లాభం కాదు.

బజారులో ఒకటి, రెండు, నాలుగు, పది డయాప్టర్ల నాలుగు అద్దాలు ఒకే సంచిలో పెట్టి చవకగా అమ్మే సెట్లు ఎన్నో ఉన్నాయి. మరి దొరకని పాత కటకం కోసం వెతుక్కోవడం దేనికని అడగవచ్చు. ఆ సెట్లలోని ప్రతి అద్దమూ ఒంటి గాజు పలక. ఒంటి గాజు ఎరుపు, నీలి కాంతులను ఒకే చోట కేంద్రీకరించలేదు. టి వరుస కటకాలు రెండు వేర్వేరు రకాల గాజులను అతికించి చేసినవి. ఒకటి చేసిన రంగుల చీలికను రెండవది చాలావరకు సరిచేస్తుంది. దీని తేడా చూడటానికి ప్రయోగశాల అక్కరలేదు. పంచాంగంలోని ఒక పేజీని గోడకు బల్లపరుపుగా అంటించి, కెమెరాను స్టాండు మీద పెట్టి, 250 దగ్గర ఎఫ్/8లో రెండింటితోనూ తీసి పోల్చాను. నాలుగు డయాప్టర్ల ఒంటి గాజుతో తీసిన చిత్రంలో ఫ్రేము నడుమ ఉన్న అక్షరాలే తేలిపోయినట్టు ఉన్నాయి. అంచులకు వెళ్ళే కొద్దీ ప్రతి నల్ల గీతకూ ఒక పక్క ఊదా, ఇంకో పక్క ఆకుపచ్చ అంచు పట్టింది. 6టితో నడుమ ఉన్న వత్తులు, సున్నలు, తిథుల పక్కనున్న సన్నని అంకెలు కూడా నిక్కచ్చిగా వచ్చాయి. రంగు అంచు మూలల్లో మాత్రం వెతికితే కనిపించేంత ఉంది. రెండింటి శక్తీ సమానం కాదు గనుక ఇది పూర్తిగా సరితూగే పోలిక అనలేను, కానీ ఒంటి గాజులో రెండు డయాప్టర్ల అద్దం పెట్టినప్పుడు కూడా ఊదా అంచు పోలేదు. జెడ్50 సెన్సర్ మీద 2 కోట్లకు పైగా పిక్సెళ్ళు ఉన్నాయి. ఫిల్ము రోజుల్లో చిన్న ప్రింటులో దాగిపోయిన దోషాన్ని ఇది దాచిపెట్టదు. పొడవైన జూమ్ మీద వాడేవారు రెండు గాజుల కటకమే తీసుకోవాలన్నది ఈ విషయంలో నా స్థిరమైన అభిప్రాయం.

చేతిలో ఉన్న కటకం మర, లెన్స్ మర ఒకటే అయితే చిక్కే లేదు. కాకపోతేనే రింగు అవసరం పడుతుంది. పాత కటకాలను కొత్త లెన్సులకు కుదిర్చే పనిలో మంచిచెడ్డలన్నీ ఈ రింగు దగ్గరే తేలతాయి. రింగు మీద రెండు అంకెలు ఉంటాయి. సాధారణంగా మొదటిది లెన్స్ వైపు మర, రెండవది కటకం వైపు మర. 62-67 అంటే 62 మి.మీ. లెన్స్ మీద 67 మి.మీ. కటకం బిగించే స్టెప్ అప్ రింగు. 67-62 అంటే 67 మి.మీ. లెన్స్ మీద 62 మి.మీ. కటకం బిగించే స్టెప్ డౌన్ రింగు. అమ్మేవారు కొందరు ఈ వరుసను తారుమారు చేసి రాస్తుంటారు కాబట్టి, ఆర్డరు పెట్టే ముందు లెన్స్ వైపు మర ఎంతో మాటల్లో అడిగి ధ్రువపరచుకోవడం మేలు. లెన్స్ మర ఎంతో తెలియకపోతే మూత లోపలి వైపు గానీ, లెన్స్ ముందు అంచు మీద గానీ, అడ్డగీత ఉన్న సున్న గుర్తు పక్కన రాసి ఉంటుంది.

స్టెప్ అప్ రింగు పెట్టి పెద్ద కటకం బిగించడంలో భయం లేదు. లెన్స్ కంటే పెద్ద గాజు ముందు ఉంటుంది కనుక అంచులు కోసుకుపోవు. బరువు కొంచెం పెరుగుతుంది, అంతే. స్టెప్ డౌన్ విషయంలో ఆలోచించాలి. పెద్ద లెన్స్ ముందు చిన్న కటకం పెడితే మూలలు నల్లబడతాయని అందరూ అంటారు గానీ, ఎప్పుడు నల్లబడతాయి, ఎప్పుడు నల్లబడవు అన్నది ఎవరూ విడమరచి చెప్పరు. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ అంకెతో భాగిస్తే లెన్స్‌లోకి వెలుతురు దూరే ద్వారం వ్యాసం వస్తుంది. 50-250 జూమ్‌కు 250 దగ్గర ఎఫ్/6.3లో అది 40 మిల్లీమీటర్లు. 52 మిల్లీమీటర్ల కటకం లోపలి గాజు ఆ ద్వారం కంటే పెద్దదే. అందువల్ల ఫ్రేము నడుమకు వచ్చే వెలుతురు ఏమీ తెగదు. మూలలకు వంకరగా వచ్చే కిరణాలు మాత్రమే రింగు అంచుకు తగిలే ప్రమాదం ఉంది. పొడవైన ఫోకల్ లెంగ్త్ దగ్గర ఆ కిరణాల వంపు స్వల్పం కాబట్టి అక్కడ నష్టం తక్కువ, 50 దగ్గర వంపు ఎక్కువ కాబట్టి అక్కడ నష్టం ఎక్కువ. 62-52 రింగుతో 4టిని ఇదే లెన్స్ మీద పెట్టి చూసినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. 50 దగ్గర నాలుగు మూలలూ నల్లగా మూసుకుపోయాయి. జూమ్ పెంచే కొద్దీ ఆ నలుపు బయటికి జరిగి, పొడవైన చివరకు వచ్చేసరికి తెల్ల కాగితం మీద కూడా కంటికి ఆనలేదు. ఎలాగూ పెద్దదనం కావాలంటే జూమ్ పొడవుగానే ఉంచాలి కాబట్టి, ఆచరణలో ఈ నష్టం మనం వాడని చోటే జరుగుతుంది.

అదే 70-200 ఎఫ్/2.8 వంటి పెద్ద లెన్స్ అయితే లెక్క మారుతుంది. 200 దగ్గర ఎఫ్/2.8లో వెలుతురు ద్వారం 71 మిల్లీమీటర్లు. దాని ముందు 62 మిల్లీమీటర్ల కటకం పెడితే కెమెరా ఎఫ్/2.8 అని చూపిస్తున్నా, ఆ ద్వారం కటకం అంచుకే కుదించుకుపోయి అసలు ఎఫ్ అంకె మూడు దాటుతుంది. ఎఫ్/8కు దించితే ద్వారం 25 మిల్లీమీటర్లే కనుక ఆ చిక్కు తీరుతుంది. దగ్గరి ఫొటోలకు ఎలాగూ ఎఫ్/8, ఎఫ్/11 వాడక తప్పదు. అయినా 77 మి.మీ. లెన్స్ ఉన్నవారు 77 మి.మీ. కటకం వెతుక్కోవడమే సుఖం. 67 మి.మీ. మర ఉన్న జెడ్ 24-200 వంటి లెన్సుల మీద 67-62 రింగుతో 6టి నిశ్చింతగా నడవాలి. 200 దగ్గర దాని వెలుతురు ద్వారం 32 మిల్లీమీటర్లకు మించదు, పెద్దదనం 0.58 వస్తుంది.

రింగుల నాణ్యత గురించి ఒక మాట. అల్యూమినియం రింగులు తేలికగా, చవకగా దొరుకుతాయి, కానీ అల్యూమినియం మర అల్యూమినియం మరలో బిగుసుకుపోవడం మామూలే. వేసవిలో బయట తిరిగి వచ్చాక అది మరీ ఎక్కువ. ఇత్తడి రింగు కొంచెం బరువైనా, ఖరీదైనా ఊడదీయడం సులభం. బిగుసుకుపోయిన రింగును రెండు వైపులా వేళ్ళతో గట్టిగా నొక్కి తిప్పితే అది గుండ్రం తప్పి ఇంకా బిగుస్తుంది. చుట్టూ వెడల్పైన రబ్బరు బ్యాండు వేసి, నొక్కకుండా సమంగా తిప్పితే చాలాసార్లు వదులుతుంది. ఇంకొకటి, రింగు ఎంత పల్చగా ఉంటే అంత మంచిది. కటకం లెన్స్‌కు దూరం జరిగే కొద్దీ మూలలు త్వరగా నల్లబడతాయి. కాబట్టి 67 నుంచి 62కు, 62 నుంచి 58కి, 58 నుంచి 52కు అంటూ చేతిలో ఉన్న మూడు రింగులు ఒకదాని మీద ఒకటి పేర్చే బదులు 67-52 రింగు ఒక్కటి కొనాలి. కటకం పెట్టే ముందు లెన్స్ మీదున్న యూవీ ఫిల్టర్ తీసెయ్యడం కూడా ఇందులో భాగమే.

ఆరుబయట ఈ జోడీని వాడటానికి కొంత అలవాటు కావాలి. 6టి పెట్టాక లెన్స్‌కు దూరాలన్నీ కుంచించుకుపోతాయి. అనంతం దగ్గర ఫోకస్ 34 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. 250 దగ్గర ఈ లెన్స్ ఫోకస్ చేయగలిగిన అతి దగ్గరి దూరానికి తిప్పితే సుమారు 24 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. అంటే కటకం ముందు 24 నుంచి 34 సెంటీమీటర్ల మధ్యనున్న ఆ పది సెంటీమీటర్ల పట్టీలో ఉన్నవే స్పష్టంగా వస్తాయి. ఆ పట్టీ బయట ఉన్నదాని మీద ఆటోఫోకస్ ఎంత వెతికినా దొరకదు, పైగా అటూ ఇటూ తిరుగుతూ సమయం తినేస్తుంది. నేను పాటించే పద్ధతి ఇది: ముందు లెన్స్‌ను అనంతం దగ్గర ఉంచి, శరీరాన్ని ముందుకు వెనక్కు కదిలిస్తూ వస్తువు స్పష్టమయ్యే చోటు పట్టుకుని, అక్కడి నుంచి ఆటోఫోకస్‌కు చిన్న చతురస్రం ఇచ్చి చివరి సవరణ దానికి వదిలేస్తాను. మాన్యువల్‌లో ఫోకస్ పీకింగ్ (స్పష్టంగా ఉన్న అంచులకు తెర మీద రంగు వేసి చూపే సౌకర్యం) పెట్టుకుని మెల్లగా ఊగుతూ వరుసగా కొన్ని ఫ్రేములు తీయడం కూడా బాగా పనిచేస్తుంది. జూమ్ మార్చినప్పుడు ఫోకస్ కొద్దిగా జరుగుతుంది, మళ్ళీ సరిచూసుకోవాలి.

వానాకాలపు తొలి రోజుల్లో, ఆరుద్ర కార్తె వానలకు తడిసిన చేల గట్ల మీద కనిపించే ఆరుద్ర పురుగు ఈ కటకానికి ఎంతో అనువైన వస్తువు. సెంటీమీటరు పొడవున్న పురుగు ఒట్టి లెన్స్‌తో ఫ్రేము వెడల్పులో పదో వంతు మాత్రమే ఆక్రమిస్తుంది. 6టితో దాదాపు మూడో వంతు ఆక్రమిస్తుంది, ఎర్రని మఖమల్ లాంటి ఆ ఒంటి నూగు విడివిడిగా కనిపిస్తుంది. అంత దగ్గరలో స్పష్టత ఉండే మందం మాత్రం చాలా తక్కువ. 250 దగ్గర ఎఫ్/11లో కూడా అది ఒక మిల్లీమీటరుకు చేరదు. పురుగు వీపు స్పష్టంగా ఉంటే కాళ్ళు మసకబారతాయి. అందుకని పురుగు పక్కవాటుగా, సెన్సర్‌కు సమాంతరంగా ఉండేలా నేల మీదికి వంగి తీయవలసి ఉంటుంది. నడిచే పురుగును తీసేటప్పుడు షట్టర్ వేగం 1/250 కంటే తగ్గించకపోవడం మంచిది. వీఆర్ ఉన్నా, ఇంత దగ్గరలో కెమెరా పక్కకు, పైకి జరిగే కదలికను అది పూర్తిగా ఆపలేదు.

34 సెంటీమీటర్ల ఎడం ఈ కటకానికి పెద్ద సుగుణం. సీతాకోకచిలుకలు, తూనీగలు అంత దూరాన్ని చాలాసార్లు సహిస్తాయి. మన నీడ వాటి మీద పడదు. పక్కనుంచి తెల్ల కాగితంతో వెలుతురు మళ్ళించడానికి చోటుంటుంది. ఇంత పొడవు సాగిన లెన్స్‌తో కెమెరా మీది చిన్న ఫ్లాష్ వాడితే లెన్సే వెలుతురుకు అడ్డుపడే అవకాశం ఉంది కాబట్టి పగటి వెలుతురునో, పక్కన పెట్టిన దీపాన్నో నమ్ముకోవాలి. ఎదురు వెలుతురులో తీస్తే పాత కటకం చిత్రాన్ని కొంచెం తెల్లబరుస్తుంది. లెన్స్ హుడ్ బయటి అంచుకు తగులుతుంది గనుక కటకం ఉన్నా దాన్ని తగిలించుకోవచ్చు, తగిలించుకోవాలి కూడా.

స్పష్టత విషయంలో నా అనుభవం ఇలా ఉంది. ఎఫ్/6.3లో ఫ్రేము నడుమ వివరం ఉంటుంది గానీ దాని మీద ఒక సన్నని మెత్తదనం పరుచుకుని ఉంటుంది. పువ్వులకు అది అందమే, నేత దారాలకు కాదు. ఎఫ్/8కు ఆ తెర తొలగుతుంది. ఎఫ్/11 దగ్గర ఈ జోడీ తన ఉత్తమ ఫలితాన్ని ఇస్తుంది. ఎఫ్/16లో స్పష్టత మందం పెరిగినా, వివర్తనం (చిన్న ద్వారం అంచుల దగ్గర కాంతి చెదరడం) వల్ల చిత్రం మొత్తం కొద్దిగా మెత్తబడుతుంది. మూలలు మాత్రం ఎఫ్/11లోనూ నడుమతో సమానం కావు. పురుగులకు, పూలకు మూలల్లో ఉండేది ఎలాగూ మసక నేపథ్యమే గనుక అది లోపంగా తోచదు. పోచంపల్లి ఇక్కత్ నేతలో రంగు ఒక దారం నుంచి పక్క దారానికి అంచులు చెదిరి పాకే తీరును చూపాలనుకుని చీర చెంగును బల్ల మీద పరిచి తీస్తే, నడుమ మూడింట రెండు వంతుల మేర దారం దారం లెక్కపెట్టేలా వచ్చింది, మూలల్లో మెత్తబడింది. తపాలా బిళ్ళలు, పాత ఉత్తరాలు, నాణేల వంటి చదునైన వస్తువులను అంచు నుంచి అంచుకు ఒకే స్పష్టతతో భద్రపరచవలసిన వారికి ఇది సరైన సాధనం కాదు. వారికి అసలైన మాక్రో లెన్స్ కావాలి.

టి వరుస దొరకకపోతే ఏం చేయాలి? కెనాన్ 250డి, 500డి కటకాలు కూడా రెండు గాజులవే. పేరులోని డి అక్షరం దాన్నే సూచిస్తుంది. 500డి శక్తి రెండు డయాప్టర్లు, అర మీటరు ఎడం ఇస్తుంది, 77 మిల్లీమీటర్ల పరిమాణంలోనూ తయారైంది. 62-77 రింగుతో ఈ 50-250 మీద పెడితే సగం పెద్దదనం వస్తుంది, మూలల బెంగ ఉండదు. 250డి నాలుగు డయాప్టర్లది, 58 మిల్లీమీటర్ల దాన్ని 62-58 రింగుతో పెట్టుకోవచ్చు. కెనాన్ కటకం నికాన్ లెన్స్ మీద పనిచేస్తుందా అని సంకోచించనక్కరలేదు, మర కుదిరితే చాలు. రేనాక్స్ డీసీఆర్-150, డీసీఆర్-250 కటకాలది వేరే దారి. వాటితో వచ్చే పట్టుడు రింగు 52 నుంచి 67 మిల్లీమీటర్ల వరకు ఏ లెన్స్ ముందైనా పట్టుకుంటుంది, కనుక స్టెప్ రింగుల గొడవే లేదు. శక్తి కూడా చాలా ఎక్కువ: 4.8, 8 డయాప్టర్లు. ఎనిమిది డయాప్టర్లది 250 దగ్గర రెండు రెట్ల పెద్దదనం ఇస్తుంది గానీ ఎడం పన్నెండున్నర సెంటీమీటర్లకు పడిపోతుంది, స్పష్టత మందం మరీ సన్నగిల్లుతుంది. చీమ తలను తీయాలనుకునేవారికి అది కావాలి; తూనీగను ఎగిరిపోకుండా తీయాలనుకునేవారికి 6టియే కావాలి.

ఇంకా పాతవాటిలో కొడాక్ పోర్ట్రా కటకాల వంటివి సిరీస్ 6, 7, 8 అనే పరిమాణాల్లో వచ్చేవి. వాటికి మర ఉండదు. రెండు రింగుల మధ్య అద్దాన్ని కూర్చోబెట్టి బిగించాలి. ఆ రింగులను ఇప్పుడు వెతికి పట్టుకోవడమే పెద్ద పని, పట్టుకున్నా లోపల ఉన్నది ఒంటి గాజే. రోలై, హాసెల్‌బ్లాడ్ కెమెరాలకు చేసిన రోలైనార్, ప్రొక్సార్ కటకాలు మరతో కాక కొద్దిగా తిప్పి తగిలించే బయొనెట్ పట్టుతో వచ్చేవి కాబట్టి వాటికి ప్రత్యేకమైన అడాప్టర్లు కావాలి. ఇంట్లో వారసత్వంగా ఉంటే ప్రయత్నించి చూడవచ్చు గానీ, పొడవైన జూమ్ కోసం వాటిని వెతికి కొనమని నేను చెప్పను.

వాడిన కటకాన్ని కొనేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మొబైల్ టార్చిని వాలుగా వేసి గాజులోకి చూస్తే దారాల్లా అల్లుకున్న ఫంగస్ బయటపడుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతపు తేమలో ఏళ్ళ తరబడి పెట్టెలో ఉన్న గాజుకు ఇది సర్వసాధారణం. అంచుల దగ్గర నూనె పరిచినట్టు ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే రెండు గాజులను అతికించిన జిగురు విడుతోందని అర్థం; దాన్ని బాగు చేయించడానికి అయ్యే ఖర్చుకు ఇంకొకటి వస్తుంది, కనుక వదిలెయ్యాలి. పైపైన ఉన్న ఒకటి రెండు సన్నని గీతలు చిత్రంలో కనిపించవు. మర అంచు సొట్టపోయిందేమో చూసి, అక్కడికక్కడే ఒక ఫిల్టర్ బిగించి తిప్పి చూడాలి. అది ఒంటి గాజా, జంట గాజా అన్న అనుమానం వస్తే ట్యూబులైటు కింద పట్టుకుని ప్రతిబింబాలు లెక్కపెట్టండి. ఒంటి గాజులో రెండు ప్రతిబింబాలే ఉంటాయి, జంట గాజులో వాటి నడుమ మసకగా మూడవది కూడా కనిపిస్తుంది. శక్తి ఎంతో రాసిలేని కటకమైతే, ఎండను ఒక గోడ మీదికి కేంద్రీకరించి, ఆ చుక్క అతి చిన్నదైనప్పుడు కటకానికీ గోడకూ మధ్య దూరం కొలవండి. మీటరును ఆ దూరంతో భాగిస్తే డయాప్టర్లు వస్తాయి. కాగితం మీదో, బట్ట మీదో ఈ పని చేయకండి, అంటుకుంటుంది.

50-250 వంటి 62 మి.మీ. జూమ్ ఉన్నవారికి 5టి, 6టి రెండూ కనిపిస్తే ఏది కొనాలన్న ప్రశ్న వస్తుంది. 5టి సుమారు 36 నుంచి 66 సెంటీమీటర్ల ఎడంలో పనిచేసి, అనంతం దగ్గర 0.37 పెద్దదనం ఇస్తుంది. పెద్ద సీతాకోకచిలుకలకు, తొండలకు, మందార పువ్వులకు అది హాయిగా సరిపోతుంది, చిత్రం నాణ్యత కూడా శక్తి తక్కువ కాబట్టి మెరుగ్గానే ఉండాలి. ఒక్కటే కొనే వీలుంటే నేను మాత్రం 6టి వైపే మొగ్గుతాను. తక్కువ పెద్దదనం కావలసినప్పుడు జూమ్ తగ్గించుకోవచ్చు, ఎక్కువ కావలసినప్పుడు 5టి దగ్గర ఇంకో మార్గం లేదు. రెండూ ఉంటే కలిపి కూడా వాడుకోవచ్చు: బలమైన 6టి లెన్స్ వైపు, 5టి దాని ముందు బిగిస్తే మొత్తం 4.4 డయాప్టర్లై, 250 దగ్గర అసలు పరిమాణం దాటిన బొమ్మ వస్తుంది. అప్పుడు ఎఫ్/11 కంటే అపర్చర్ తెరవకండి, స్టాండు లేకుండా ప్రయత్నించకండి.

తరువాత ఎప్పుడైనా అసలైన మాక్రో లెన్స్ కొనాలన్న ఆలోచన ఉన్నవారికి కూడా ఈ ఖర్చు వృథా కాదు. 2021లో వచ్చిన నికాన్ జెడ్ ఎంసీ 105 మి.మీ. లెన్స్ ముందు మర కూడా 62 మిల్లీమీటర్లే. 6టి దాని మీద రింగు లేకుండానే బిగుస్తుంది, ఒకటికి ఒకటి (అసలు పరిమాణం) దగ్గర ఆగిపోయే ఆ లెన్స్‌ను ఆ హద్దు దాటిస్తుంది.